గాజు సీసాలో చిన్న తోట

4 లీటర్ల వెడల్పు మూతి గాజు సీసా సరిపోతుంది. పచ్చడి సీసా అయితే నూనె వాసన పూర్తిగా పోయేదాకా సబ్బుతో కడిగి ఆరబెట్టండి.

అడుగున 2 సెం.మీ. గులకరాళ్లు, వాటి మీద పలుచగా బొగ్గు ముక్కలు, ఆపైన దోమతెర ముక్క. తెర వేయకపోతే మట్టి జారి రాళ్ల మధ్య బురదవుతుంది. ఇక మట్టి 5 సెం.మీ.: కొబ్బరి పొట్టు 2 పాళ్లు, ఇసుక 1, వర్మీకంపోస్టు అర పాలు. ఎరువు ఎక్కువైతే బూజు పడుతుంది. పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టాలి, నీరు కారకూడదు.

ఫిట్టోనియా (ఆకుల మీద రంగు ఈనెలుండే చిన్న మొక్క), చిన్న ఫెర్న్, నాచు బాగా బతుకుతాయి. కలబంద లాంటివి మూసిన సీసాలో కుళ్లిపోతాయి. నాచు కోసం శేషాచలం కొండలెక్కొద్దు, అది 2010లో ప్రకటించిన బయోస్ఫియర్ రిజర్వు, అంటే మొక్కలనూ జంతువులనూ కాపాడే రక్షిత ప్రాంతం. వానల్లో పెరటి గోడ మీద మొలిచేదే చాలు. ఆకులు గాజుకు ఆనకుండా నాటండి, ఆనిన చోటే మొదట కుళ్లు పట్టేది.

బోరు నీళ్లు వద్దు, ఉప్పు తెల్ల మరకలు కడుతుంది. వాన నీళ్లో ఆర్‌ఓ నీళ్లో స్ప్రేతో కొట్టి మూత పెట్టండి. పొద్దున గాజు మీద కాస్త చెమ్మ పట్టి మధ్యాహ్నానికి ఆరితే నీళ్ల లెక్క సరిపోయినట్టే. రోజంతా బిందువులు కారుతుంటే 3 గంటలు మూత తీయండి.

తిరుపతి వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. నేరుగా ఎండ తగిలితే సీసాలో మొక్కలు ఉడికిపోతాయి. ఉత్తరం కిటికీకి 3 అడుగుల దూరంలో ఉంచండి.