టెట్ సైకాలజీ: అనువంశికత, పరిసరాల చాప్టర్‌ని బట్టీ కొట్టకుండా ఎట్లా చదవాలి

టీచర్ ఎలిజిబిలిటీ టెస్ట్ (టెట్) ఫస్ట్ అటెంప్ట్‌లో నాకు శిశువికాసం, పెడగాజీలో 30కి 14 వచ్చినయ్. అది కూడా నెగెటివ్ మార్కింగ్ లేదు కాబట్టి తెలియనివన్నీ గుడ్డిగా పెట్టేస్తే. అశోక్‌నగర్ హాస్టల్లో అర్ధరాత్రి దాకా "గాల్టన్ అనువంశికత, వాట్సన్ పరిసరం" అని జపం చేసినదాన్నే, తీరా పేపర్లో ఆ బిట్ రాలేదు, వచ్చినవన్నీ "రవి అనే పిల్లవాడు..." అని మొదలయ్యే బిట్లు. రెండోసారి ఎట్లా చదివిన్నో చెప్తా.

ముందు పుస్తకం మూసేసి ఒక పేపర్ మీద మూడు సామెతలు రాయండి. "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు", ఇది తెలివి అనువంశికతే, అంటే తల్లిదండ్రుల నుంచి పుట్టుకతో వచ్చేదే అన్న గాల్టన్ వైపు. "ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారు", ఇది ఆరోగ్యంగా ఉన్న డజను మంది పిల్లల్ని ఇస్తే డాక్టరో లాయరో దొంగో ఏది కావాలంటే అది చేసి చూపిస్తానన్న వాట్సన్ వైపు. మూడోది "ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా". దీన్ని ఎటు పెడతారు? నేనూ నా రూమ్మేటూ దీని మీద గంట కొట్లాడుకున్నం, తేలలేదు, తేలదు కూడా, ఎందుకంటే దూడకి జీన్స్ ఇచ్చిందీ ఆ ఆవే, చేను చూపించిందీ ఆ ఆవే. ఇంత అర్థమైతే కాలికాక్ కుటుంబం మీద విమర్శ మీకు వచ్చేసినట్టే. అమెరికన్ సైకాలజిస్ట్ గొడ్డార్డ్ 1912లో ఆ కుటుంబాన్ని చూపించి మందబుద్ధి తరతరాలుగా రక్తంలో వస్తుందన్నాడు, కానీ ఆ పిల్లలు ఎట్లాంటి ఇంట్లో, ఎంత పేదరికంలో పెరిగారో వేరు చేసి చూడలేదు. కొన్ని నోట్స్‌లో ఇప్పటికీ ఇది రుజువైపోయినట్టు రాస్తరు. బిట్ కోసం పేరు గుర్తుపెట్టుకోండి, నమ్మకండి.

మరి రెండింటినీ వేరు చేసేదెట్లా అంటే కవలలు. ఈ ఐడియా 1875లో గాల్టన్‌దే. సమరూప కవలలు ఒకే జైగోట్ (ఫలదీకరణ చెందిన అండం) నుంచి వస్తారు కాబట్టి జీన్స్ దాదాపు అన్నీ ఒకటే, విభిన్న కవలలు మామూలు అన్నదమ్ముల్లాగా సగటున సగమే పంచుకుంటారు. ఒకరు అమ్మాయి, ఒకరు అబ్బాయి అని ప్రశ్నలో కనిపిస్తే ఇంక ఆలోచించొద్దు, విభిన్న కవలలే. పుట్టగానే విడిపోయి వేరే వేరే ఇళ్లలో పెరిగిన కవలల మీద మిన్నెసోటాలో 1979లో బుషార్డ్ మొదలుపెట్టిన స్టడీ కూడా చూసుకోండి. యాభై ఏళ్ల కవలల పరిశోధనలన్నీ కలిపి 2015లో లెక్క వేస్తే అనువంశికత సగటున 49 శాతం తేలింది, అయితే ఇక్కడే అందరం బోల్తా పడతాం. 49 శాతం అంటే మీ తెలివిలో సగం నాన్నది, మిగతా సగం స్కూల్‌ది అని కాదు, మనుషులకీ మనుషులకీ మధ్య కనిపించే తేడాల్లో ఎంత భాగం జీన్స్ తేడా వల్ల వచ్చిందనేదే ఆ లెక్క.

నేను మార్కు పోగొట్టుకున్నది ఉడ్‌వర్త్ దగ్గర. వికాసం అంటే అనువంశికత, పరిసరాల గుణకారం అని ఆయన చెప్పిండు, నేను కూడిక పెట్టిన. టేప్ తెచ్చి మీ హాస్టల్ రూమ్ కొలవండి, మాది పది అడుగుల పొడవు, ఎనిమిది వెడల్పు, మొత్తం 80 చదరపు అడుగులు. ఇందులో పొడవు వల్ల వచ్చినవెన్ని అని ఎవరైనా అడిగితే నవ్వొస్తది కదా. ఏదో ఒకటి సున్నా అయితే రూమే లేదు. దీనికి ఎగ్జాంపుల్‌గా ఫినైల్‌కీటోన్యూరియా రాసుకోండి. అది పక్కా అనువంశిక జబ్బు, తిండిలోని ప్రోటీన్‌లో ఉండే ఫినైల్‌అలనిన్ అరగక మెదడు దెబ్బతింటది, కానీ పుట్టిన కొన్ని రోజుల్లోనే కనిపెట్టి అది తక్కువుండే తిండి పెడితే పిల్లలు దాదాపు మామూలుగానే ఎదుగుతారు. జీన్ మారలేదు, గిన్నెలో తిండి మారింది, అంతే.

ఇంకో ఉచ్చు ఉంది, "పుట్టుకతో ఉన్నది" అంటే అనువంశికం అనుకోవడం. పరిసరం మొదలయ్యేది బయటికొచ్చాక కాదు, కడుపులోనే. గర్భంతో ఉన్న తల్లికి అయోడిన్ చాలకపోయినా, రుబెల్లా వచ్చినా, ఆమె మద్యం తాగినా బిడ్డ మీద పడే దెబ్బ పుట్టుకతోనే కనిపిస్తది గానీ అది పరిసరం ఖాతాలోకే పోతుంది. (ఆడపిల్ల పుట్టిందని కోడల్ని తిట్టే అత్తమ్మలకి మాత్రం 23వ క్రోమోజోమ్ జత గురించి చెప్పండి, ఎక్స్ వస్తదా వై వస్తదా అనేది మీ కొడుకు చేతిలోదే అని.)

చివరిగా, రోడ్డు మీదికి పోండి. మా హాస్టల్ ఎదురు అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్ బిడ్డ, ఐదేళ్లుంటయ్, అమ్మతో పాలమూరు తెలుగు మాట్లాడి, అదే నోటితో గల్లీ పిల్లలతో దక్కనీ ఉర్దూలో "నక్కో బోలే తో నక్కో" అని కొట్లాటకి పోతది. మాట నేర్చుకునే శక్తి పుట్టుకతోనే వచ్చింది, ఏ మాట అనేది మాత్రం గల్లీ ఇచ్చింది. ఆ పిల్ల మీద నేను నాలుగు బిట్లు రాసుకున్న, రూమ్మేట్ ఆన్సర్ చేసింది, ఒకటి తప్పు పెడితే మళ్లీ కొట్లాట. మీరూ రోజుకొకర్ని పట్టుకుని నాలుగు బిట్లు తయారుచేయండి, పది రోజులు చాలు. ఎవరూ దొరక్కపోతే మెస్ ఆంటీకి ఇద్దరు కొడుకులు, ఒకడు గల్లా పెట్టె దగ్గర నోరే మెదపడు, ఇంకోడు నోరే మూయడు.