వీణ శ్రుతి చేసే ముందు జాగ్రత్తలు

▢ ముందు పాడేవారిని అడగండి: ఎన్నో శ్రుతి? పాశ్చాత్య స్వరాల్లో ఒకటి అంటే సి, ఒకటిన్నర అంటే సి షార్ప్, ఐదు అంటే జి. "మామూలు శ్రుతే" అనే జవాబును మాత్రం నమ్మకండి.

▢ శ్రుతి పెట్టె అదే అంకె మీద ఉందా? నిన్నటి కచేరీ అంకె మీదే ఉండిపోవడం మామూలే.

▢ ఒక్క అర స్వరం పెంచినా తీగ మీద బిగువు సుమారు 12 శాతం పెరుగుతుంది. పాత తీగ అయితే తెగవచ్చు, ముఖం పక్కకు పెట్టుకుని, బిరడాను (తీగ బిగించే పిడిని) వెంట్రుకవాసి చొప్పున తిప్పండి. ముందు కాస్త వదులు చేసి, కింద నుంచి పైకి రండి. చివరి సవరణకు నాగపాశం (తీగల రెండో కొసలు కట్టే చోటు) దగ్గరి చిన్న రింగులు ఉన్నాయి, బిరడాతో కుస్తీ వద్దు.

▢ సారణి తీగను, అంటే మొదటి ప్రధాన తీగను, పన్నెండో మెట్టు మీద మీటండి. ఖాళీ తీగ షడ్జానికి (స) సరిగ్గా పై షడ్జం పలకాలి. పలకకపోతే తప్పు బిరడాది కాకపోవచ్చు. ఎండకు మెట్లను పట్టి ఉంచే మైనం మెత్తబడి మెట్టు కదిలి ఉంటుంది. కారులో వదిలేసిన వీణకు ఇది తప్పదు.

▢ పక్కన తాళం కోసం మీటే మూడు తాళపు తీగలు. అందరూ మరిచిపోయేది వీటినే.

▢ ఏసీ హాలైతే అరగంట ముందే వీణను లోపల పెట్టండి.