పాత ట్రావెల్ ట్రైలర్ కొంటున్నారా? ముందు ఛాసిస్ చూడండి

ట్రావెల్ ట్రైలర్ అంటే కారు వెనక తగిలించి లాక్కెళ్లే ఇల్లులాంటి బండి. పాతది చూడ్డానికి వెళ్తే కళ్లు ముందు బాడీ మీదకే పోతాయి. సొట్టలు, లోపలి చెక్కపని తర్వాతైనా చేయించుకోవచ్చు. ఛాసిస్ అంటే బాడీని మోసే కింది ఇనప చట్రం, దాని బలం పోయిన బండిని మాత్రం రోడ్డెక్కించకూడదు. అందుకే టార్చి, సుత్తి, స్క్రూడ్రైవర్ పట్టుకుని ముందు బండి కింద చూడండి. ఉత్త జాకీ మీద నిలబెట్టిన బండి కిందికి దూరొద్దు, స్టాండ్లు పెట్టాల్సిందే.

సమస్య: వెనక భాగం వాలిపోయింది

కారణం: బాత్రూమ్, నీళ్ల ట్యాంకులు వెనక ఉన్న మోడళ్లలో ఆ బరువంతా యాక్సిల్ అవతల వేలాడుతుంది. దానికి నీళ్ల లీకు తోడైతే ఇక చెప్పక్కర్లేదు. కిటికీ అంచుల నుంచో, పైకప్పు అతుకుల నుంచో దిగిన నీళ్లు ప్లైవుడ్ ఫ్లోర్‌ను కుళ్లబెడతాయి. చెక్క మెత్తబడ్డాక బాడీని ఛాసిస్‌కు బిగించిన బోల్టులకు పట్టు ఉండదు. ఎయిర్‌స్ట్రీమ్ (అమెరికా ట్రైలర్ కంపెనీ) లాంటి బండ్లలో బాడీ, ఫ్లోర్, ఛాసిస్ మూడూ కలిసి బరువు మోస్తాయి. ఒకటి వదిలేస్తే మిగతా రెండిటి మీదా భారం పడుతుంది.

పరీక్ష: వెనక బంపర్ మీద నిలబడి మెల్లగా ఊగండి, ఇంకొకరిని పక్క నుంచి చూడమనండి. బంపర్ కిందికి దిగుతున్నా బాడీ ఉన్నచోటే ఉంటే, రెండిటి మధ్య లంకె తెగినట్టే.

పరిష్కారం: వెల్డింగ్ కంటే ముందు లీకు. పైనుంచి పైపుతో నీళ్లు పట్టి, ఎక్కడ దిగుతుందో చూసి సీల్ చేయండి. తర్వాత వెనక ఫ్లోర్ విప్పి, కుళ్లిన చెక్క గట్టి చెక్క వచ్చేవరకూ కోసేయాలి. తుప్పు తిన్న అడ్డకమ్మీలు మార్చి, కొత్త ప్లైవుడ్ అంచులకు సీలర్ పట్టించి, కొత్త బోల్టులు బిగించాలి. పాత చెక్క అలాగే ఉంచి బయటినుంచి నాలుగు స్క్రూలు కొట్టడం రిపేరు కాదు.

సమస్య: తుప్పు కనిపిస్తోంది, ఎంత లోతో తెలీదు

సుత్తితో తట్టండి. ఖంగుమంటే లోపల ఇనుము ఉంది. మొద్దు శబ్దం వచ్చి పొరలు రాలితే అనుమానించండి, స్క్రూడ్రైవర్ గుచ్చుకుంటే ఆ ముక్క కోసి మార్చాల్సిందే. పైపై తుప్పయితే వైర్ బ్రష్‌తో గీకి, ప్రైమర్, పెయింట్ వేస్తే చాలు. అసలు చిక్కు అడ్డకమ్మీల పైభాగంతో. తడి చెక్క ఆనుకుని ఉండేది అక్కడే, కిందినుంచి చూస్తే కనపడదు. కింద నల్లరంగు కొత్తగా మెరుస్తుంటే ఇంకా జాగ్రత్తగా తట్టి చూడండి.

సమస్య: కారుకు తగిలించే ముందు కొక్కెం దగ్గర పగులు

ముందుకు పొడుచుకొచ్చిన రెండు కమ్మీలు మొదటి అడ్డకమ్మీని కలిసేచోట ఒత్తిడి ఎక్కువ. పెయింట్ మీద వెంట్రుకంత తుప్పు గీత కనపడినా అక్కడ గీకి చూడండి. పగులు చివర రంధ్రం వేసి, గ్రైండర్‌తో గాడి తీసి వెల్డ్ చేయించి, పైన కొనలు ఏటవాలుగా కోసిన ప్లేటు వేయించాలి. ఇది అనుభవమున్న వెల్డర్ పని. ముందే గ్యాస్ సిలిండర్లు దించండి, బ్యాటరీ వైర్లు తీయండి. ఎండిన చెక్క నిప్పురవ్వకే అంటుకుంటుంది, పని అయ్యాక కూడా కాసేపు అక్కడే కనిపెట్టుకుని ఉండాలి.

సమస్య: చేసిన రిపేరు మళ్లీ పగిలింది

చాలాసార్లు తప్పు యాక్సిల్‌ది. రబ్బరు టార్షన్ యాక్సిల్‌లో (కమాన్ పట్టీల బదులు లోపలి రబ్బరే కుదుపులు ఓర్చుకునే రకం) చక్రం పట్టుకునే చెయ్యి మామూలుగా కిందికి వాలి ఉండాలి. ఖాళీ బండిలోనే అది అడ్డంగానో పైకో ఉంటే రబ్బరు చచ్చిపోయినట్టు లెక్క. ప్రతి కుదుపూ నేరుగా ఛాసిస్‌కే తగులుతుంది. రబ్బరు ఒక్కటీ మార్చడం కుదరదు, యాక్సిల్ మొత్తం మార్చాలి. కమాన్ పట్టీల బండి అయితే పట్టీ బిగించిన బ్రాకెట్లు, పిన్నులు, రంధ్రాలు అరిగాయేమో చూడండి.

యాక్సిల్ దగ్గర రెండు వైపులా పొడవు కమ్మీలు బోలుపోయి ఉంటే అతుకులతో కాదు. బాడీ ఎత్తి కొత్త ఛాసిస్ కట్టించాలి. ఆ ఖర్చు కూడా కలిపి లెక్కేసుకున్నాకే బేరం మాట్లాడండి.