పాత హెరాల్డ్‌లో జిప్సీ ఇంజను: ఎక్కించాక వచ్చే తంటాలు, వాటికి మందులు

స్టాండర్డ్ హెరాల్డ్ మద్రాసులో తయారవడం మొదలైంది 1961లో. విడి ఛాసీ, ముక్కుతో సహా ముందుకు లేచే బానెట్, చిన్న మలుపులో కూడా తిరిగిపోయే స్టీరింగు దాని ప్రత్యేకతలు. ఇంగ్లండులో ఇదే ఛాసీని పొట్టి చేసి స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారు తీశారు. అందుకే మన దగ్గర పాత స్పోర్ట్స్ కారు కట్టుకోవాలన్న కోరిక ఉన్నవాళ్ళు హెరాల్డ్ కోసం వెతుకుతారు. పాత 948 సీసీ ఇంజను అరిగిపోయి ఉంటే మారుతి జిప్సీ కింగ్ జీపులోని 1298 సీసీ ఎంపీఎఫ్‌ఐ (పెట్రోలును ఇంజెక్టర్లతో చిమ్మే) ఇంజను ఎక్కిస్తారు. అది పొడవునా కూర్చుంటుంది. పైగా జిప్సీలో ట్రాన్స్‌ఫర్ కేసు (శక్తిని ముందు, వెనక చక్రాలకు పంచే పెట్టె) గేర్‌బాక్సుకు విడిగా ఉంటుంది కాబట్టి, దాన్ని వదిలేసి గేర్‌బాక్సు నుంచి వెనక్కి నేరుగా షాఫ్టు వేసుకోవచ్చు.

విజయవాడ ఆటోనగర్‌లో మా షెడ్డుకు ఇలాంటి బళ్ళు "ఇంజను బాగాలేదన్నా" అనే మాటతోనే వస్తాయి. నేను చూసినంతలో ఇంజను తప్పు చాలా అరుదు. పాత బండి, కొత్త సామాను కలిసే అతుకుల దగ్గరే తప్పు ఉంటుంది. తంటా ఎప్పుడు వస్తోందో, ఎంత స్పీడులో వస్తోందో ముందు రాసుకోండి. సామాను కొనడం ఆ తర్వాత.

సిగ్నల్ దగ్గర వేడి చూపే ముల్లు పైకి పోతోంది

బెంజ్ సర్కిల్ దగ్గర ఆగితే వేడెక్కి, హైవే ఎక్కగానే ముల్లు దిగిపోతోందంటే రేడియేటర్ సరిపోతోంది, దాని గుండా గాలే వెళ్ళడం లేదు. హెరాల్డ్ బానెట్ కింద చోటు తక్కువని జిప్సీ ఫ్యాన్ తీసేసి కరెంటు ఫ్యాన్ పెడతారు. ఫ్యాన్ తిరుగుతున్నప్పుడు ఒక దినపత్రిక కాగితం రేడియేటర్ ముందు పట్టుకోండి. కాగితం వెళ్ళి అతుక్కోవాలి. బయటికి ఎగిరిందంటే వైర్లు అటుదిటు తగిలించినట్టు. అతుక్కుంది గానీ జారిపోతోందంటే ఫ్యాన్ చుట్టూ తొడుగు లేదు, గాలి పక్కల నుంచి తప్పించుకుంటోంది. అల్యూమినియం రేకుతో తొడుగు కట్టించి, రేడియేటర్‌కూ బానెట్‌కూ మధ్య సందుల్లో స్పాంజి పట్టీ అతికించండి. రోహిణి కార్తె ఎండకు కూడా అది చాలుతుంది.

హైవే మీదే వేడెక్కుతోందంటే సంగతి వేరు. రేస్ ఇచ్చినప్పుడు కింది హోస్ పైపు నొక్కుకుపోతోందేమో చూడండి. లోపల స్ప్రింగు లేని మెత్తటి పైపు వేస్తే పంపు లాగే లాగుడికి అది మూసుకుపోతుంది.

ముల్లు ఉన్నట్టుండి ఎగిరి మళ్ళీ పడిపోతుంటే లోపల గాలి చిక్కుకుంది. ఇంజను మార్చిన హెరాల్డ్‌లో రేడియేటర్ పై అంచు ఇంజను హెడ్ కంటే కిందికి పోతుంది, గాలి పోయి థర్మోస్టాట్ దగ్గర నిలబడుతుంది. డాష్ గోడ (ఇంజనుకూ మనం కూర్చునే చోటుకూ మధ్య ఉన్న రేకు) మీద, అన్నిటికంటే ఎత్తులో చిన్న తొట్టి పెట్టి మూతను దానికి మార్చండి. నీళ్ళు పోసేటప్పుడు, ఇంజను పూర్తిగా చల్లారాక, మూత ఉన్న వైపును జాకీతో లేపండి.

సెల్ఫ్ కొడితే ఒక్కోసారి పట్టదు, లైట్లు వేస్తే మిస్సింగ్

ఇది ఎర్తు తంటా. జిప్సీ ఇంజను రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది. మందంగా ఎర్తు తీగ వేయకపోతే కరెంటు తిరిగి వెళ్ళే దారి క్లచ్ కేబులూ యాక్సిలరేటర్ కేబులే.

గుంటూరు నుంచి నీలం రంగు హెరాల్డ్ ఒకటి వచ్చింది. అప్పటికే మూడు సెన్సార్లు మార్చారు. మీటరును డీసీ 20 వోల్టుల మీద పెట్టి, నల్ల తీగ బ్యాటరీ నెగటివ్ గుబ్బకూ ఎర్ర తీగ ఇంజను బ్లాకుకూ ఆనించి, అబ్బాయిని సెల్ఫ్ కొట్టమన్నాను. అక్కడ 0.2 దాటకూడదు. 1.9 చూపించింది. ఎర్తు బోల్టు విప్పితే దాని కింద ఛాసీకి కొత్తగా వేసిన నల్ల పెయింటు నిగనిగలాడుతోంది. ఇనుము తెల్లగా మెరిసేదాకా గీకి, అల్లిన రాగి పట్టీ ఒకటి బ్లాకు నుంచి ఛాసీకి, ఇంకొకటి ఛాసీ నుంచి బ్యాటరీకి వేశాం. మళ్ళీ చూస్తే 0.1. తీసేసిన ఆ మూడు సెన్సార్లూ బాగానే ఉన్నాయి. ఆ డబ్బు తలుచుకుంటే నాకే బాధేసింది.

మలుపులో ఇంజను ఆగినట్టయి అందుకుంటుంది

కనకదుర్గ ఫ్లైఓవర్ వంపులో, ట్యాంకు పావు వంతు ఉన్నప్పుడే ఇలా అవుతోందంటే పెట్రోలు పక్కకు ఒరిగి పంపు గాలి పీలుస్తోంది. కార్బొరేటర్‌కు దాని గిన్నెలో నిల్వ ఉండేది, తెలిసేది కాదు. ఎంపీఎఫ్‌ఐ ఇంజనుకు సుమారు 3 బార్ ప్రెషరు ఒక్క క్షణం కూడా తగ్గకూడదు. తక్కువ ప్రెషరు పంపుతో ముందు ఒక చిన్న డబ్బా నింపి, ఆ డబ్బాలోంచి ఎక్కువ ప్రెషరు పంపు లాగేలా చేయండి. ఇంజను నుంచి తిరిగొచ్చే పెట్రోలు కూడా ఆ డబ్బాలోకే రావాలి. కార్బొరేటర్‌కు వాడే హోసు మాత్రం ఇక్కడ వేయొద్దు, పగిలిందంటే వేడి ఇంజను మీద పెట్రోలు చిమ్ముతుంది. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. పాత రబ్బరును అది మెత్తబరుస్తుంది, పాత ట్యాంకులోని తుప్పును వదిలిస్తుంది. మొదటి నెలలో ఫిల్టరు రెండుసార్లయినా మార్చండి.

డెబ్బై దాటితే బండంతా వణుకు

డెబ్బైలో క్లచ్ తొక్కి, రేస్ పూర్తిగా వదలండి. వణుకు పోతే ఇంజను మౌంటింగులు చూడాలి. అలాగే ఉంటే చక్రాల బ్యాలెన్సింగ్ ముందు సరిచూసుకుని, ప్రొపెల్లర్ షాఫ్టు దగ్గరికి రండి.

గేర్‌బాక్సు వెనక ఫ్లాంజి, డిఫరెన్షియల్ (వెనక చక్రాలకు శక్తి పంచే గేర్ల పెట్టె) ముందు ఫ్లాంజి రెండూ సమాంతరంగా ఉండాలి, తేడా 1 డిగ్రీ లోపే. ఫోనులో ఉండే లెవెల్ ఆనించి చూసినా తెలుస్తుంది. ఒక్కో క్రాస్ (షాఫ్టు చివర వంగే కీలు) దగ్గర 1 నుంచి 3 డిగ్రీల వంపు ఉండనివ్వండి. అసలు వంపే లేకపోతే క్రాస్‌లోని సూది బేరింగులు తిరగక ఒకేచోట గాడి పడతాయి. గేర్‌బాక్సు మౌంటింగు కింద పలుచటి ప్లేట్లు వేసి సరిచేసి, ఆ తర్వాతే షాఫ్టును బ్యాలెన్సింగ్‌కు పంపండి.

క్లచ్ వదిలినప్పుడు వెనక "టక్" మంటే డిఫరెన్షియల్ గేర్ల మధ్య ఆట (సందు) ఎంతుందో చూడండి. నలభై గుర్రాల లోపు శక్తికి చేసినదాని మీద ఇప్పుడు ఎనభై పడుతున్నాయి.

ముక్కు లేచింది, స్పీడ్ బ్రేకర్ మీద స్టీరింగు గుంజుతోంది

జిప్సీ బ్లాకు అల్యూమినియం, పాతది పోత ఇనుము. బరువు తగ్గింది కాబట్టి ముందు భాగం లేస్తుంది. దయచేసి స్ప్రింగు చుట్టు కోయకండి. కోసిన స్ప్రింగు గట్టిపడుతుంది, దాని చివర కూడా పళ్ళెంలో సరిగా కూర్చోదు. ఎత్తు మార్చుకునే వీలున్న షాకులకు తగిన స్ప్రింగు వేయించండి.

సంప్ (ఇంజను కింది నూనె తొట్టి) తగలకుండా స్టీరింగు రాక్‌ను జరిపి ఉంటే గుంజుడు అక్కడిదే. స్ప్రింగు తీసేసి, చక్రాన్ని జాకీతో 10 మిల్లీమీటర్ల చొప్పున లేపుతూ టో (చక్రం ముందు అంచు లోపలికో బయటికో తిరిగి ఉన్న తేడా) కొలవండి. మారుతోందంటే రాక్ కింద షిమ్ములు (పలుచటి ప్లేట్లు) చేర్చో తీసో, మారకుండా నిలిచే ఎత్తు పట్టుకోవాలి. నాకు ఒక్కో బండికి పూట పడుతుంది.

మలుపులో రేస్ వదిలితే వెనక భాగం లేస్తోంది

మిగతావన్నీ వాయిదా వేసినా పర్వాలేదు, ఇది మాత్రం వెంటనే చూడాలి. హెరాల్డ్ వెనక యాక్సిలుకు క్రాస్ లోపలి చివరే ఉంటుంది. షాఫ్టు ఎటు వాలితే చక్రం అటే వాలుతుంది. కరకట్ట రోడ్డు మలుపులో స్పీడుగా పోతూ భయపడి రేస్ వదిలారనుకోండి, వెనక బాడీ పైకి లేస్తుంది, బయటి చక్రం కడుపు కిందికి ముడుచుకుంటుంది, బండి గిర్రున తిరుగుతుంది. పాత ఇంజనుతో ఆ స్పీడే వచ్చేది కాదు.

ఇద్దరిని కూర్చోబెట్టి, తాపీమేస్త్రుల తూకం గుండును చక్రం పక్కన వేలాడదీయండి. 13 అంగుళాల రిమ్ముకు పై అంచు, కింది అంచు కంటే 6 నుంచి 12 మిల్లీమీటర్లు లోపలికి ఉండాలి. అంటే సుమారు 1 నుంచి 2 డిగ్రీలు. పై అంచు బయటికి వాలి ఉంటే డిఫరెన్షియల్‌కూ కమాను కట్టకూ మధ్య దిమ్మ వేసి, పొడవు స్టడ్లతో బిగించండి. ఇంగ్లండులో 1970 నుంచి స్పిట్‌ఫైర్‌కు కమాను పట్టీలు చాలావరకు స్వేచ్ఛగా ఊగేలా మార్చారు. మద్రాసు కంపెనీ మాత్రం హెరాల్డ్ తర్వాతి మోడల్ గజెల్‌కు వచ్చేసరికి మామూలు గట్టి యాక్సిలే వేసింది. ఎనభై గుర్రాలూ వాడుకోవాలనుకునేవాళ్ళకు నేనూ అదే చెబుతాను: గట్టి యాక్సిలు, కాయిల్ స్ప్రింగులు, నాలుగు లింకులు, ఒక పాన్‌హార్డ్ రాడ్డు (యాక్సిలు పక్కకు జరగకుండా పట్టే కడ్డీ). దీనికి ఛాసీ మీద కొత్త బ్రాకెట్లు కావాలి. ముందు డిస్కు బ్రేకులు లేకుండా ఆ పని మొదలుపెట్టను.

కాగితాలు

మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 52 ప్రకారం ఇలాంటి మార్పుకు రవాణా శాఖ అనుమతి కావాలి. అది వస్తుందో రాదో పాత ఇంజను దించకముందే తేల్చుకోండి. 2021లో వచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషను 50 ఏళ్ళు దాటి, అసలు రూపంలో ఉన్న బళ్ళకే. మీ హెరాల్డ్ ఆ వయసుకు వచ్చి ఉంటే ఇంజను మార్చడంతో ఆ అవకాశం పోతుంది. అందుకే పాత ఇంజనును తుక్కుకు వేయనివ్వను. సిలిండర్లలో నూనె పోసి, ఇంజను నంబరు ఉన్న చోట గ్రీజు పూసి, చెక్క మీద కూర్చోబెట్టి యజమానికి అప్పగిస్తాను. ఎక్కించిన చోట్ల ఛాసీకి బోల్టులు వేస్తాను తప్ప కోయను. రేపు ఆయనకు గానీ ఆయన పిల్లలకు గానీ మనసు మారితే పాత ఇంజను దాని చోట మళ్ళీ కూర్చోవాలి.