వైద్య వ్యాసంలో కాపీ వాక్యాలు: అనుమానం నుంచి పరిష్కారం దాకా

వికీపీడియా వంటి చోట వైద్య వ్యాసంలో కాపీ వాక్యాలు కనిపిస్తే పొరపాటు రెండు విధాలుగా జరగవచ్చు. చూసీ చూడనట్టు వదిలేస్తే రాసినవారి హక్కుకు అన్యాయం జరుగుతుంది. కంగారుపడి పేరా మొత్తం తీసేస్తే అందులోని మందు జాగ్రత్త కూడా దాంతోపాటే పోతుంది. ఆ పేజీ చదివేవారిలో జబ్బుపడినవారూ, వారిని చూసుకునేవారూ ఉంటారు. అందుకే కారణం తేల్చుకున్నాకే చేయి పెట్టాలి.

సమస్య: ఒక్క మార్పుతో పెద్ద పేరాలు వచ్చి చేరాయి

నాలుగు వాక్యాల విభాగం ఒకేసారి రెండు పేజీలవుతుంది. మధ్యలో "మా అధ్యయనంలో", "పటం 3 చూడండి" వంటి మాటలు, ఏ మూలానికీ చెందని అంకెలు మిగిలిపోయి ఉంటాయి. ఇది దాదాపుగా ఏ జర్నల్ నుంచో పాఠ్యపుస్తకం నుంచో అతికించినదే.

ఒక విలక్షణమైన వాక్యాన్ని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి వెతకండి. వ్యాధి నిర్వచనాలతో వెతికి లాభం లేదు, ఎవరు రాసినా అవి ఇంచుమించు అలాగే ఉంటాయి. మూలం దొరికి, దాని లైసెన్సు (తిరిగి వాడుకునే షరతులు) వికీపీడియా షరతులతో కుదరకపోతే ఆ భాగాన్ని తొలగించి, దిద్దుబాటు సారాంశంలో మూలం చిరునామా ఇవ్వండి. ఆ తరువాత ఇతరులు చేసిన మంచి మార్పులు పోకుండా చూసుకోండి. పాత కూర్పులు పేజీ చరిత్రలో ఉండిపోతాయి కాబట్టి వాటిని దాచమని నిర్వాహకులను కోరాలి. చివరగా, ఆ వాడుకరికి ఏ వాక్యం ఎక్కడిదో చూపిస్తూ మర్యాదగా రాయండి. చాలామందికి మూలాన్ని పేర్కొంటే సరిపోతుందన్న అపోహ ఉంటుంది. మూలం చూపించడం వేరు, హక్కుదారు అనుమతి వేరు.

సమస్య: మరో వెబ్‌సైటుతో అక్షరం పొల్లు పోకుండా కలుస్తోంది, కానీ మన వ్యాసం పాతది

ఇక్కడ వాళ్లే మన దగ్గర తీసుకుని ఉండవచ్చు. పేజీ చరిత్ర తెరిచి ఆ పేరా ఎలా పెరిగిందో చూడండి. ఒకరు వాక్యం రాసి, మరొకరు మోతాదు సరిదిద్ది, ఇంకొకరు చివరి మాట మార్చి ఉంటే అది ఇక్కడే పుట్టింది. వెబ్ పేజీల పాత ప్రతులను భద్రపరిచే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో అవతలి పేజీ మొదట ఏ తేదీన నమోదైందో కూడా చూడండి. మనదే ముందని తేలితే పేరాను ముట్టుకోకండి. చర్చా పేజీలో ఆ విషయం, తేదీలతో సహా, రాసి పెట్టండి. లేకపోతే వచ్చే ఏడాది మరొకరు అదే అనుమానంతో తొలగిస్తారు.

సమస్య: మాటలు మారాయి, అస్థిపంజరం మారలేదు

అన్నిటికన్నా చిక్కైనది ఇదే. వాక్యాల వరుస, ఉదాహరణలు, విరుపులు అన్నీ మూలంలోవే ఉంటాయి, పర్యాయపదాలు మాత్రం మారతాయి. హక్కుల సమస్య తీరదు సరికదా, వైద్యం కూడా తప్పుతుంది.

కడుపులో ఆమ్లాన్ని తగ్గించే మందు ఒమెప్రజోల్ గురించి ఒక సమీక్షా వ్యాసంలో ఇలా ఉందనుకోండి: "దీర్ఘకాలం వాడకానికి, ఎముకలు విరగడానికి సంబంధం కనిపించింది." దాన్ని ఒకరు "ఎక్కువ కాలం వాడితే ఎముకలు విరుగుతాయి" అని మార్చారు. సంబంధం కాస్తా కారణమైపోయింది. అది చదివిన రోగి భయపడి మందు మానేయవచ్చు. సరైన రచన ఇలా ఉంటుంది: "ఏళ్ల తరబడి వాడినవారిలో ఎముకలు విరగడం కొంత ఎక్కువగా ఉన్నట్టు పరిశీలనాత్మక అధ్యయనాల్లో కనిపించింది. మందే కారణమని వాటివల్ల రుజువు కాలేదు."

పద్ధతి ఒక్కటే. రెండు మూడు సమీక్షలు చదివి, వాటిని మూసేసి, అర్థమైనది సొంత వాక్యాల్లో రాయండి. తరువాత మళ్లీ తెరిచి మోతాదులు, అంకెలు, మందుల పేర్లు సరిచూసుకోండి. వీటిని మార్చాల్సిన పని లేదు. వాస్తవాలకు కాపీహక్కు ఉండదు, వాటిని చెప్పిన తీరుకే ఉంటుంది.

సమస్య: "ఉచితంగా దొరికింది, ప్రభుత్వ సైటే కదా" అంటున్నారు

ఉచితంగా చదవగలగడం వేరు, తిరిగి వాడుకోగలగడం వేరు. అమెరికా ఫెడరల్ ఉద్యోగులు విధుల్లో భాగంగా రాసినవి ఆ దేశంలో సార్వజనికం, అంటే వాటికి కాపీహక్కు ఉండదు. కానీ అక్కడి ప్రభుత్వ సైట్లలో ఇతరుల రచనలూ ఉంటాయి. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సమాచార సైటు మెడ్‌లైన్‌ప్లస్‌లోని వైద్య విజ్ఞానసర్వస్వం ఒక ప్రైవేటు సంస్థ నుంచి తీసుకున్నది. స్టాట్‌పర్ల్స్ అనే వైద్య పాఠ్య సంకలనం అధ్యాయాలు అక్కడి ప్రభుత్వ గ్రంథాలయ సైట్లోనే కనిపించినా వాటి లైసెన్సు వాణిజ్య వినియోగాన్నీ, మార్పులు చేసి పంచుకోవడాన్నీ అనుమతించదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 నుంచి ఎక్కువగా వాడుతున్నది వాణిజ్యేతర లైసెన్సే. 2023 నుంచి వికీపీడియా పాఠ్యం క్రియేటివ్ కామన్స్ బివై-ఎస్‌ఏ 4.0 (రచయిత పేరు చెప్పి, అదే లైసెన్సుతో పంచుకోవాలి) కింద ఉంది, దానిలో వాణిజ్య వినియోగానికి కూడా అనుమతి ఉండాలి. కాబట్టి స్టాట్‌పర్ల్స్, ప్రపంచ ఆరోగ్య సంస్థల ఆ లైసెన్సులు రెండూ కుదరవు. అందరూ ఉచితంగా చదవగల ప్లాస్ జర్నళ్లలో సాధారణంగా వాడే క్రియేటివ్ కామన్స్ బివై లైసెన్సు కుదురుతుంది, రచయితల పేర్లు, లైసెన్సు స్పష్టంగా చెబితే చాలు. సైటు పేరు చూసి కాదు, ఆ పేజీ అడుగున ఉన్న లైసెన్సు చదివి నిర్ణయించండి.

సమస్య: నిర్ధారణ ప్రమాణాల జాబితా యథాతథంగా ఉంది

మానసిక రుగ్మతల నిర్ధారణకు వాడే, 2013లో వచ్చిన డిఎస్‌ఎం-5 గ్రంథంలోని ప్రమాణాల పాఠం అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్‌ది. జ్ఞాపకశక్తి, ఆలోచనా సామర్థ్యాలను చూసే 1975 నాటి మినీ మెంటల్ స్టేట్ పరీక్ష ప్రశ్నలకూ హక్కుదారులు ఉన్నారు. జాబితా తీసేసి, ఆ పరీక్ష ఏయే సామర్థ్యాలను కొలుస్తుందో, ఎక్కడ పొరబడవచ్చో వివరించండి. పాఠకుడికి ప్రశ్నల జాబితా కన్నా అదే ఎక్కువ ఉపయోగం.

సమస్య: ఆంగ్ల వికీపీడియా నుంచి అనువదించారు, ఎక్కడా చెప్పలేదు

అనువాదానికి అనుమతి ఉంది, మూల రచయితలకు గుర్తింపు ఇవ్వడం మాత్రం తప్పనిసరి. తొలగించనక్కర్లేదు. దిద్దుబాటు సారాంశంలో ఏ వ్యాసం నుంచో లింకుతో చెప్పి, చర్చా పేజీలోనూ ఒక వాక్యం రాయండి.

సమస్య: "అది నేను రాసిన పరిశోధన పత్రమే"

నిజమే కావచ్చు, కానీ చాలా జర్నళ్లు ప్రచురణకు ముందే హక్కులు రాయించుకుంటాయి. రచయితకు హక్కు మిగిలి ఉంటే, వికీమీడియా అనుమతుల విభాగానికి తాను పనిచేసే సంస్థ ఈమెయిలు నుంచి స్వేచ్ఛా లైసెన్సు ఇస్తున్నట్టు రాయాలి. "వికీపీడియాలో వాడుకోవచ్చు" అన్న అనుమతి చాలదు, ఎవరైనా ఎందుకైనా వాడుకోవచ్చనాలి. ఉత్తరం పరిశీలనలో ఉన్నంతకాలం ఆ భాగాన్ని మూసతో (వికీలో ముందే తయారుగా ఉండే నోటీసు పెట్టెతో) కప్పి ఉంచి, అందులో తప్పనిసరైన మందు హెచ్చరిక ఏదైనా ఉంటే దాన్ని వేరే మూలం ఆధారంగా సొంత వాక్యంలో వ్యాసంలో చేర్చండి.