గోదావరి ఇసుకలో పైరాక్సీన్‌ను పట్టుకోవడం ఎలా?

గోదావరి ఇసుకలో నల్లగా కనిపించేదంతా ఇనుప రజనని తీసిపారేయకండి. అందులో పైరాక్సీన్ అనే ముదురురంగు ఖనిజం ఉంటుంది. నాసిక్ దగ్గర పుట్టిన నది వందల కిలోమీటర్లు బసాల్టు, అంటే లావా గడ్డకట్టిన నల్లరాయి, నేల మీదే నడుస్తుంది. ఆ రాతిలోని పైరాక్సీన్ రకం పేరు ఆగైట్. తూర్పు కనుమల చార్నొకైట్ అనే రాతిలో ఉండేది హైపర్‌స్తీన్ రకం.

ఇసుక ర్యాంపు దగ్గర నీటి అంచున నల్ల చార పడ్డచోట కిలో ఇసుక తీసుకోండి. వెడల్పాటి పళ్లెంలో, బియ్యంలో రాళ్లు గాలించినట్టే గాలించాలి. పలుగురాయి సాంద్రత 2.65, పైరాక్సీన్‌ది 3.2 నుంచి 3.5. అందుకే తెల్లది ముందు కొట్టుకుపోతుంది. సగం తెలుపు మిగలగానే ఆపేయండి. ఇంకా గాలిస్తే 5.2 సాంద్రత ఉన్న మాగ్నటైటే (అయస్కాంతానికి అంటుకునే ఇనుప ఖనిజం) అడుగున మిగిలి, మనకు కావలసింది నీళ్లపాలవుతుంది.

బాగా ఎండబెట్టండి, తడి రేణువులు ముద్ద కడతాయి. పాత స్పీకరు అయస్కాంతాన్ని కాగితంలో చుట్టి, ఇసుకకు సెంటీమీటరు ఎత్తున తిప్పితే మాగ్నటైట్ ఎగిరి అంటుకుంటుంది. నియోడిమియం అయస్కాంతం మాత్రం వాడొద్దు. పైరాక్సీన్‌లోనూ ఇనుముంది కనుక దాన్నీ లాగేస్తుంది.

మిగిలినదాన్ని 10 రెట్ల భూతద్దంతో చూడండి. ఎర్రనివి గార్నెట్. లోహంలా మెరుస్తూ, పొడి చేస్తే నల్లగా ఉండేది ఇల్మనైట్. పైరాక్సీన్ పొట్టిగా, ఆకుపచ్చ కలిసిన నలుపులో ఉంటుంది, పొడి బూడిదరంగు తెలుపు.

అసలు చిక్కు అచ్చం ఇలాగే కనిపించే హార్న్‌బ్లెండ్ అనే మరో ఖనిజంతో. పొడి రంగు దాన్ని వేరు చేయదు, కోణమే చెప్పాలి. పైరాక్సీన్ పగులు తలాలు 87, 93 డిగ్రీల్లో, దాదాపు లంబంగా కలుస్తాయి. హార్న్‌బ్లెండ్‌వి 56, 124. నదిలో దొర్లిన రేణువుకు అంచులు అరిగిపోతాయి కాబట్టి కాగితం మడతలో పెట్టి మెల్లగా కొట్టి, కొత్త పగులునే చూడండి. కళ్లద్దాలు తప్పనిసరి.

రాతిలోనే చూడాలంటే రాజమహేంద్రవరం చుట్టుపక్కల పంగిడి, గౌరీపట్నం, కాతేరుల నల్లరాయి ఉంది, అదీ బసాల్టే. సుమారు 1,200 డిగ్రీల లావా చల్లారుతుండగా ఆగైట్, ప్లేజియోక్లేజ్ (ఒక రకం ఫెల్డ్‌స్పార్ ఖనిజం) స్ఫటికాలు ఒకదానిలో ఒకటి అల్లుకుపోయాయి. కంకరగా ఆ రాయికున్న గట్టిదనం ఆ అల్లికదే. త్వరగా చల్లారడంతో గింజలు మరీ చిన్నవి; తుప్పురంగు పైపొర మీద వెతకడం దండగ, పగలగొట్టి లోపలిది చూడాలి. అప్పటికీ తేలకపోతే 0.03 మిల్లీమీటర్ల పలుచని కోత కోయించి సూక్ష్మదర్శినిలో చూడాల్సిందే. రాతిలో తెల్ల చుక్కలు కనిపిస్తే సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఒక్క బొట్టు వేయండి. పొంగితే అది పైరాక్సీన్ కాదు, లావాలోని గాలి బుడగల ఖాళీల్లో తరవాత నిండిన కాల్సైట్ అనే సున్నపు ఖనిజం.