సైఫై ఆర్‌పీజీ సీక్వెల్‌కి రివ్యూ రాయడం ఎలా?

ఆర్‌పీజీ (ఒక పాత్రగా మారి నిర్ణయాలు తీసుకుంటూ ఆడే వీడియో గేమ్) సీక్వెల్ రివ్యూ చదివేవాళ్లు ముందుగా వెతికేది రెండు విషయాలు. మొదటి భాగం ఆడకపోయినా ఇది అర్థమవుతుందా? ఆడి ఉంటే, అప్పుడు తీసుకున్న నిర్ణయాలకు ఇక్కడ విలువ ఉందా? ఈ రెండూ ఆడి తేల్చాల్సినవే.

అందుకే ఆటను రెండుసార్లు మొదలుపెట్టండి: ఒకటి పాత సేవ్‌తో (మొదటి భాగం ఆడి దాచుకున్న ఫైల్), ఇంకొకటి ఏమీ లేకుండా. మొదటి మూడు నాలుగు గంటలు రెండూ పక్కపక్కనే ఆడితే తేడా బయటపడుతుంది. మాస్ ఎఫెక్ట్ మొదటి భాగం (2007)లో మన జట్టులోని రెక్స్ అనే పాత్రని బతికించుకుంటే, రెండో భాగం (2010)లో అర్డ్‌నాట్ తెగకి అతనే నాయకుడు. పాత సేవ్ లేకుండా మొదలుపెడితే అతను చనిపోయినట్టే లెక్క, ఆ స్థానంలో రీవ్ అనే మరో పాత్ర ఉంటాడు. 2011లో ప్లేస్టేషన్ 3కి వచ్చినప్పుడు మొదటి భాగం ఆ మెషీన్ మీద లేదు కాబట్టి, ముఖ్యమైన నిర్ణయాలు ఎంచుకోవడానికి ఒక ఇంటరాక్టివ్ కామిక్ పెట్టారు. మీరు రివ్యూ చేస్తున్న ఆటలో ఇలాంటి ఏర్పాటు ఉందో లేదో, ఏ మెషీన్ మీద ఉందో తప్పకుండా రాయండి.

సంభాషణల్ని పరీక్షించడానికి ఆటోసేవ్‌ని నమ్ముకోవద్దు, అది పాత సేవ్ మీదే కొత్తది రాసేసుకుంటూ పోతుంది. ముఖ్యమైన సీన్‌కి ముందు మాన్యువల్ సేవ్ చేసి, ఉన్న జవాబులన్నీ ఒక్కొక్కటిగా నొక్కి చూడండి. ఎదుటి పాత్ర తర్వాతి మాట మాత్రమే మారిందా, ఆ క్వెస్ట్ (ఆటలో అప్పగించిన పని) దారి మారిందా, లేక పది గంటల తర్వాత కూడా దాని ప్రభావం కనిపించిందా? మొదటి రకం మార్పుని చూసి ‘మీ నిర్ణయాలే కథ’ అని రాసేయడం రివ్యూల్లో తరచూ జరిగే పొరపాటు. ఆ సేవ్‌లు చివరిదాకా తీసేయకండి, మూడో రకం మార్పుని తేల్చేది అవే.

తర్వాత ఏం తీసేశారో చూడండి. కొత్తగా చేర్చినవి ట్రైలర్లోనే కనిపిస్తాయి, తీసేసినవి ఆడితేనే తెలుస్తాయి. డ్యూస్ ఎక్స్ సీక్వెల్ ఇన్విజిబుల్ వార్ (2003)లో తుపాకులన్నిటికీ ఒకే రకం మందుగుండు పెట్టారు. అది అయిపోతే చేతిలో ఉన్న ఏ తుపాకీ పేలదు. ‘సులభం చేశారు’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తే ఈ సంగతి చదివేవాడికి చేరదు. ఏం మారింది, దానివల్ల ఆడే తీరు ఎలా మారింది అన్నది రెండు వాక్యాల్లో చెప్పాలి.

విసుగు పుట్టించే పనుల్ని కూడా ఊరికే తిట్టి వదిలేయకూడదు. మాస్ ఎఫెక్ట్ 2లో గ్రహాలను స్కాన్ చేసి ఖనిజాలు పోగేయడం నిజంగానే సాగదీతగా ఉంటుంది. కానీ ఓడకి కవచం, షీల్డ్, ఫిరంగి అప్‌గ్రేడ్లకి కావాల్సింది ఆ ఖనిజాలే. అవి చేయించకుండా చివరి మిషన్‌కి వెళ్తే, లేని ప్రతి అప్‌గ్రేడ్‌కీ జట్టులో ఒకరు చనిపోతారు. విసుగూ నిజమే, దాని వెనకున్న పణమూ నిజమే. రివ్యూలో రెండూ ఉండాలి.

బిల్డ్‌లు (పాత్రకి ఏ నైపుణ్యాలు పెంచుతామన్న ఎంపికలు) కనీసం రెండు ప్రయత్నించండి: పోరాడేది ఒకటి, మాటలతో నెగ్గుకొచ్చేది ఒకటి. మాటకారి పాత్రకి తప్పనిసరి బాస్ ఫైట్ ఎదురై దారి మూసుకుపోతే, అది రివ్యూలో పెట్టాల్సిన లోపమే. ముగింపు చూడకుండా తీర్పు ఇవ్వద్దు. స్టార్ వార్స్ కోటోర్ 2 (నైట్స్ ఆఫ్ ది ఓల్డ్ రిపబ్లిక్ 2, 2004)లో కథలోంచి కత్తిరించేసిన భాగాల లోటు ఎక్కువగా తెలిసేది చివరి భాగంలోనే, మొదటి పది గంటలు చూసి అది పట్టుకోలేరు. పూర్తి చేయలేకపోతే ఆ మాట మొదటి పేరాలోనే రాయండి.

ఏ మెషీన్, ఏ వెర్షన్, ఏ గ్రాఫిక్స్ సెట్టింగ్ అన్నవి ఒక లైన్‌లో చాలు. ఫ్రేమ్ రేట్ (బొమ్మ ఎంత సాఫీగా కదులుతుందన్నది) చూడాల్సింది ఖాళీ కారిడార్లో కాదు, జనం కిక్కిరిసిన చోట, పెద్ద పోరాటంలో. క్రాష్ అయితే అప్పుడు ఏం చేస్తున్నారో వెంటనే రాసిపెట్టుకోండి. అక్షరాల సైజు మాత్రం మర్చిపోవద్దు: సైఫై ఆర్‌పీజీలో కోడెక్స్ (ఆటలోని ప్రపంచం గురించిన వివరాల పుస్తకం) చదవడమే పెద్ద పని, సోఫాలో కూర్చుని చదవలేకపోతే సగం కథ పోయినట్టే.

రాశాక మొదటి భాగం ఆడనివాళ్ల చేత చదివించండి. వాళ్లు ఏ జాతి పేరు దగ్గర, ఏ గ్రహం దగ్గర ఆగి ‘ఇదేంటి’ అంటారో, ఆ పక్కనే నాలుగు మాటల వివరణ చేర్చండి.